నాణెము చెల్లని నాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసమునకు పాఠము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుట సులభము. బీరువాలు చేయించుట అంతకంటె సులభము. నెలనెలా చందా వసూలు చేసి, ఖాతా వ్రాసి, ఏటేటా సర్వసభ్య సమావేశము జరిపి, నలుగురి ముందు లెక్క చదివి వినిపించుట కష్టము. ఆ కష్టమైన పని ఇరువదియైదేండ్లు సాగినది కనుకనే నేడీ పండుగ. ఇట్టి పండుగనాడు వినదగిన కథ యొకటి కలదు. అది ఈ దేశపు కథ కాదు. భూగోళమునకు ఆవలి ప్రక్కనున్న ఆర్జెంటీనా దేశపు కథ. ఆ దేశపు ధనవ్యవస్థ యావత్తు కుప్పకూలినప్పుడు ఒక చిన్న ఊరు ఏమైనది, ఆ ఊరివారు ఒకరి ముఖము నొకరు ఎట్లు చూచుకొనిరి అను విషయమును అచ్చటి కథకులు నాటకీయముగా చిత్రించిరి. ఆ చిత్రణమును గూర్చియు, దాని వెనుకనున్న యథార్థ చరిత్రను గూర్చియు ఈ ఉపన్యాసము.

ఆర్జెంటీనా యనునది తెలుగువారికి బొత్తిగా క్రొత్త పేరు కాదు. 1924వ సంవత్సరమున విశ్వకవి రవీంద్రుడు పెరూ దేశమునకు పోవుచు దారిలో జబ్బుపడి, ఆర్జెంటీనా రాజధానియైన బ్యూనస్ ఏర్స్ నగరమునకు చేరువలో, విక్టోరియా ఒకాంపో అను విదుషీమణి ఆతిథ్యమున సుమారు రెండు నెలలు విశ్రమించెను. ఆమెను ఆయన విజయ యని పిలిచెను. 'పూరబి' అను కవితా సంపుటిని ఆమెకే అంకితమిచ్చెను. ఫుట్‌బాల్ ఆటయన్న చెవికోసికొను యువకులకు మారడోనా, మెస్సీల పేళ్లు కంఠస్థములు. భారతదేశము దిగుమతి చేసికొను సోయా నూనెలో పెద్ద భాగము అచ్చటినుండి ఓడలలో వచ్చునదే. కావున ఆ దేశమునకును తెలుగువారి వంటింటికిని గూడ కొంత చుట్టరికము కలదు.

పంపా యని పిలువబడు అచ్చటి మైదానములు చూపు ఆనినంతమేర చదునుగా పరచుకొని గోధుమను, మొక్కజొన్నను, సోయాను పండించును. పశుసంపద అపారము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ దేశము ప్రపంచమునందలి సంపన్న దేశములలో నొకటిగా లెక్కింపబడెను. ఇటలీ, స్పెయిన్ దేశములనుండి లక్షలాది జనులు బ్రతుకుతెరువు వెదకికొనుచు అచ్చటికి వలసపోయిరి. చుట్టపక్కాలు లేని క్రొత్త నేలపై వారికి ఇరుగుపొరుగే చుట్టరికమైనది. అందుచేత వారు పరస్పర సహాయ సంఘములను, రైతు సహకార సంఘములను, పేటపేటకు ఆటపాటల క్లబ్బులను స్థాపించుకొనిరి. గ్రంథాలయములను గూడ స్థాపించుకొనిరి. బడిపంతులుగా పనిచేసి పిమ్మట దేశాధ్యక్షుడైన సర్మియెంటో 1870లో ప్రజా గ్రంథాలయముల చట్టమును చేయించెను. ఊరివారు సంఘముగా చేరి, చందాలు వేసికొని గ్రంథాలయము పెట్టుకొన్నచో, పుస్తకములు కొనుటకు ప్రభుత్వము సాయపడవలెనని ఆ చట్టమునకు తాత్పర్యము. సభ్యులే కార్యవర్గము నెన్నుకొని నడుపుకొను అట్టి గ్రంథాలయములు నేటికిని అచ్చట వందలకొలది కలవు. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది 1914లో. అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆయన సహచరులు ఊరూర తిరిగి చెప్పిన మాటయు ఇదియే: గ్రంథాలయము ఒకరు పెట్టిన దానము కాదు, పదిమంది పెట్టుకొన్న సొత్తు.

ఇంత పంటయు, ఇన్ని సంఘములును గల దేశము ఎట్లు కూలినది? 1989వ సంవత్సరమున అచ్చట ధరలు ఒక్క యేడాదిలోనే ముప్పది రెట్లకు మించి పెరిగెను. ఉదయము చెప్పిన ధర సాయంకాలమునకు నిలువదు. జీతము చేతికి రాగానే అంగడికి పరుగెత్తవలెను. మరునాటికది సగము సరకైనను తేజాలదు. ఈ బాధ మానుపుటకై 1991లో అధ్యక్షుడు మెనెమ్, ఆర్థికమంత్రి కవాల్యో ఒక చట్టము తెచ్చిరి. దేశపు నాణెము విలువ అమెరికా డాలరుతో గట్టిగా ముడివేయబడెను. 1992 నుండి క్రొత్త నాణెమైన పెసో ఒకటికి ఒక డాలరు. ప్రభుత్వ బ్యాంకు తనయొద్ద తగినన్ని డాలర్లు లేక క్రొత్త నోటు అచ్చువేయరాదు. ధరలు నిలిచినవి. జనులు ఊపిరి పీల్చుకొనిరి. డాలరును పెసోను ఒక్కటే యని నమ్మి బ్యాంకులో డాలర్ల ఖాతాలు తెరచిరి. డాలర్లలోనే అప్పులు చేసిరి.

ఇచ్చట నొక చిక్కు కలదు. దానిని గాదె యుపమానముతో చెప్పవచ్చును. ఊరిలో నలుబది కుటుంబములవారు తమ ధాన్యమును ఒక పెద్ద గాదెలో దాచుకొన్నారని భావింపుడు. గాదె కాపరి కొంత ధాన్యమును నిలువయుంచి, మిగిలినది విత్తనములకును తిండికిని అప్పుగా ఇచ్చును. దినమునకు ఇద్దరు ముగ్గురు వచ్చి తమ బస్తా తమకిమ్మన్న ఇబ్బంది లేదు. నలుబది కుటుంబములవారు ఒక్క ఉదయమున వచ్చి నిలుచున్నచో ఎంత నీతిపరుడైన కాపరియు ఇచ్చుకొనజాలడు. బ్యాంకు స్వభావమిదియే. చట్టము ప్రకారము నోట్ల వెనుక డాలర్లుండెనే గాని, ఖాతా పుస్తకములలో వ్రాసిన అంకెలన్నింటి వెనుకను డాలర్లుండలేదు. దానికి తోడు 1998 నుండి వ్యాపారము మందగించెను. 1999లో ఇరుగు దేశమైన బ్రెజిల్ తన నాణెపు విలువను తగ్గించుకొనగా, ఆర్జెంటీనా సరకు పొరుగు బజారులో ప్రియమయ్యెను. కర్మాగారములు మూతపడెను. ప్రభుత్వమునకు అప్పు మీద అప్పు. 2001వ సంవత్సరము పొడుగునను బ్యాంకులనుండి డాలర్లు తరలిపోవుచునే యుండెను. తెలిసినవారు ముందుగా తీసికొనిరి. తెలియనివారు నమ్మి యుండిరి.

2001 డిసెంబరు 1వ తేదీ శనివారమునాడు ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఎవరికి ఎంత సొమ్మున్నను, బ్యాంకునుండి వారమునకు 250 పెసోలకు మించి రొక్కము తీసికొనరాదు. ప్రజలు దీనికి కొర్రలీతో అని పేరు పెట్టిరి. చిన్న దొడ్డి యని దాని యర్థము. తెలుగు పల్లెలో బందెలదొడ్డి యన్నచో వెంటనే బోధపడును. అయితే బందెలదొడ్డిలోనికి తోలునది పరుల చేనిలో పడిన పశువును. ఇచ్చట ఏ చేనిలోను పడని సాధుపశువును తోలి కట్టివేసిరి.

తరువాతి కథ వేగముగా నడచెను. డిసెంబరు 19వ తేదీ రాత్రి అధ్యక్షుడు దె లా రువా అత్యవసర పరిస్థితి ప్రకటింపగా, బ్యూనస్ ఏర్స్ పౌరులు వంటింటి గిన్నెలను గరిటెలతో మ్రోగించుచు వీధులలోనికి వచ్చిరి. ఆ రెండు దినముల అలజడిలో ముప్పదిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. 20వ తేదీన అధ్యక్షుడు రాజీనామా ఇచ్చి, తన సౌధము మీదినుండి హెలికాప్టరులో వెడలిపోయెను. రెండు వారములు తిరుగకమునుపే ఐదుగురు ఆ పీఠమును గాని దాని బాధ్యతను గాని మోసిరి. విదేశపు అప్పులు ఇప్పట్లో తీర్చజాలమని దేశము ప్రకటించెను. 2002 జనవరిలో పెసోకు డాలరుతో ముడి తెగిపోయెను. ఆ యేడు నడుమకు ఒక డాలరు కొనుటకు దాదాపు నాలుగు పెసోలు కావలసి వచ్చెను. డాలర్లు దాచుకొన్నవారికి డాలరు ఒక్కింటికి 1.40 పెసో చొప్పున కట్టి లెక్క తేల్చిరి. బ్యాంకులకు డాలర్లు బాకీపడినవారికి మాత్రము డాలరుకు ఒక్క పెసోయే. అనగా దాచుకొన్నవాడు నష్టపోయెను. పెద్ద అప్పు చేసినవాడు లాభపడెను. 2002 మే నెలలో పనిచేయగలవారిలో నూటికి ఇరువదిమందికి మించి పనిలేక యుండిరి. ఆ సంవత్సరాంతమునకు జనాభాలో సగముకంటె ఎక్కువమంది పేదరికపు రేఖకు దిగువకు జారిరి. ఇది గోధుమ పండించి లోకమునకు పెట్టు దేశమునకు కలిగిన దుర్దశ.

అంకెలు ఇంతవరకే చెప్పగలవు. నూటికి ఇరువదియనినచో ఒక మనుష్యుని ముఖము కనబడదు. ఆ ముఖమును చూపుట కథకుని పని. ఎడువార్డో సాచెరి యను ఆర్జెంటీనా రచయిత చరిత్ర పాఠములు చెప్పు ఉపాధ్యాయుడు. ఆయన ఈ సంక్షోభమును వస్తువుగా గైకొని ఒక నవల వ్రాసెను. విద్యుత్కేంద్రమున జరిగిన రాత్రి యని దాని పేరునకు భావము. 2016లో దానికి స్పానిష్ భాషలో ప్రసిద్ధమైన ఆల్ఫగ్వారా బహుమానము వచ్చెను. 2019లో సెబాస్టియన్ బోరెన్‌స్టెయిన్ దానిని చలనచిత్రముగా తీసెను. చిత్రమునకు పెట్టిన పేరును తెలుగు చేసినచో 'వెర్రిబాగులవారి సాహసయాత్ర' యని చెప్పవచ్చును. రికార్డో దారిన్ అను ప్రఖ్యాత నటుడును, ఆయన కుమారుడును అందులో తండ్రీకొడుకులుగానే నటించిరి.

కథ జరిగినది బ్యూనస్ ఏర్స్ రాష్ట్రమున అల్సీనా యను చిన్న ఊరు. రైలు తగ్గినది, పనులు తగ్గినవి, యువకులు పట్టణములకు పోవుచున్నారు. ఊరి అంచున ధాన్యము నిలువచేయు పెద్ద కొట్టములు పాడుపడియున్నవి. ఒకనాడు ఫుట్‌బాల్ ఆటగాడుగా పేరుపొంది, ఇప్పుడు పెట్రోలు బంకు నడుపుకొను పెర్లాస్సి యనునతడు, అతని భార్య, స్నేహితుడు ఫోంతానా ఒక ఆలోచన చేయుదురు. ఊరివారందరును తలా కొంత వేసికొని ఆ కొట్టములు కొని, సహకార సంఘము పెట్టినచో రైతుకు నిలువచోటు దొరకును. పదిమందికి పని దొరకును. వారు ఇంటింటికి పోవుదురు. టైర్లు బాగుచేయువాడు, రైల్వే స్టేషనులో కాలము గడపినవాడు, లారీలు నడిపించు గృహిణి, కూలిచేసికొను అన్నదమ్ములు తలా కొంత ఇత్తురు. ఒకరికొకరికి రాజకీయములు పడవు. ఒకడు ప్రభుత్వమే వద్దనువాడు. ఇంకొకడు పెరోన్ పేరు తలచినంతనే చేయెత్తి మ్రొక్కువాడు. అయినను సంఘమనగానే అందరును సంచి విప్పుదురు.

ఆ డాలర్లు మొదట బ్యాంకులోని లాకరులో భద్రముగా నుండెను. బ్యాంకు మేనేజరు పెర్లాస్సిని పిలిచి, మిగిలిన మొత్తము అప్పుగా కావలెనన్నచో ఆ డాలర్లను లాకరునుండి తీసి ఖాతాలో వేయవలెనని మెత్తగా నచ్చచెప్పును. పెర్లాస్సి నమ్మును. అడుగవలసినవారిని అడుగక, అప్పటికప్పుడు ఒప్పుకొని ఖాతాలో వేయును. వెంటనే దొడ్డి తలుపు పడును. మేనేజరు ముందే ఎరుగును. అతనితో కూడిన మాన్సి యను న్యాయవాదియు ఎరుగును. ఊరివారి డాలర్లు అప్పు రూపమున మాన్సి చేతికి చేరినవి. ఊరివారికి మిగిలినది ఖాతా పుస్తకములోని అంకె.

ఈ చిత్రమున గుండె పట్టుకొను ఘట్టము దోపిడి కాదు, పేలుడు కాదు. పెర్లాస్సి ఊరివారియెదుట నిలువవలసి వచ్చిన గడియ. తన సొమ్ము పోయినవాడు ఏడ్వవచ్చును, తిట్టవచ్చును. నలుగురి సొమ్ము తన చేతిమీదుగా పోయినవానికి ఏడ్చుటకును హక్కు లేదు. అతడు దొంగిలింపలేదు, త్రాగి పోగొట్టలేదు, మంచికే చేసెను. అయినను వీధిలో ఎదురుపడిన ప్రతి ముఖమును అతనికి ఒక ప్రశ్నయే. ఆ పిమ్మట జరిగిన మోటారు ప్రమాదమున అతని భార్య మరణించును. పెర్లాస్సి ఇంటినుండి కదలడు. అతనిని మరల మనుష్యులలోనికి తెచ్చినవారు, అతనివలన నష్టపోయినవారే. ఇది గమనింపదగిన విషయము. వారు అతనిని వెలివేసియుండినచో ఆ ఊరిలో మాన్సి రెండవసారి గెలిచియుండును. సొమ్ము తీసికొనిపోయినవాడు నమ్మకమును గూడ తీసికొనిపోయినట్లగును.

చిత్రపు పేరులోని స్పానిష్ మాట హిల్. అచ్చటి వాడుకభాషలో అది అమాయకుడు, వెర్రిబాగులవాడు అని హేళన చేయు మాట. చట్టము నమ్మి పన్ను కట్టువాడు, వరుసలో నిలిచి తన వంతు వచ్చువరకు ఓపిక పట్టువాడు, బ్యాంకు చెప్పినది నిజమనుకొనువాడు, ఇట్టివారినెల్ల గడుసువారు ఆ మాటతో పిలుతురు. కథకుడు ఆ తిట్టును తీసి బిరుదుగా చేసెను. దేశము నడచుచున్నది గడుసువారివలన కాదు. వరుసలో నిలుచువారివలననే యని ఆయన సూచన.

తరువాతి కథ సంతోషముగా నడచును. మాన్సి దూరమున ఒక పొలములో భూమిలోపల ఇనుపగది కట్టి డాలర్లు దాచెనని ఊరివారికి తెలియును. వారు దొంగలు కారు. దొంగతనమెట్లు చేయుదురో ఎరుగరు. పాత హాలీవుడ్ చిత్రమొకటి చూచి అందులోని యుక్తి నేర్చుకొందురు. ఆ గదికి కాపుగానున్న అలారము గంట ఊరక మ్రోగి మ్రోగి మాన్సికి విసుగు పుట్టవలెను. అందుకై వారు పన్నిన పన్నుగడ, విద్యుత్కేంద్రముతో ముడిపడిన ఆ గాలివాన రాత్రి, చూచి ఆనందింపవలసినవే గాని చెప్పి పాడుచేయదగినవి కావు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరి. 2020లో స్పెయిన్ దేశపు గోయా బహుమానమును ఆ చిత్రము పొందెను.

సభాసదులారా! ఇచ్చట ఒక ప్రశ్న తప్పక అడుగవలెను. పోయిన సొమ్మును ఎవరికి వారు పోయి తీసికొనుటయే పరిష్కారమా? కాదు. ఆ కథయు అట్లు బోధించుట లేదు. న్యాయస్థానము తలుపు తట్టినను తెరువనినాడు సామాన్యుని మనస్సులో మెదలిన కోరికను అది కథగా కట్టినది. యథార్థ జీవితమున ఆర్జెంటీనా ప్రజలలో ఇనుపగదులు పగులగొట్టినవారు లేరనవచ్చును. వారు బ్యాంకుల వాకిళ్లయెదుట నెలలకొలది గిన్నెలు మ్రోగించిరి. వేలకొలది జనులు కోర్టులకెక్కిరి. కాని వారిలో చాలమంది చేసిన ముఖ్యమైన పని వేరొకటి. దానిని తెలిసికొన్నప్పుడే ఆ నాటకమునకు పూర్తి యర్థము తెలియును.

ఆ పనికి ఆరంభము 1995 మే 1వ తేదీ. బ్యూనస్ ఏర్స్ దాపున బెర్నాల్ అను పేటలో కొద్దిమంది ఇరుగుపొరుగువారు ఒకచోట చేరిరి. రొక్కము లేదు, చేతిలో పని యున్నది. ఒకరు రొట్టె చేయుదురు, ఒకరు బట్టలు కుట్టుదురు, ఒకరు పండ్లు బాగుచేయుదురు. ఎవరెవరికి ఏమిచ్చిరో పుస్తకములో వ్రాసికొని మార్పిడి చేసికొనిరి. తెలుగు పల్లెలలో చాకలికి, మంగలికి, కమ్మరికి కళ్లములో గింజలు కొలిచిన నాటి పద్ధతికి ఇది కొంత దగ్గర. అయితే ఇందులో కులము లేదు, పెద్ద చిన్న లేదు. వ్యవహారము పెరిగిన కొలది పుస్తకమునకు బదులు క్రెడిటో అను కాగితపు చీట్లు అచ్చువేసిరి. 2001–02లో పెసో చేతికి రాని దినములలో లక్షలాది జనులు ఆ చీట్లతో పిల్లలకు అన్నము పెట్టుకొనిరి. అదే కాలమున రాష్ట్ర ప్రభుత్వములు గూడ జీతములకు బదులు తమ సొంత చీట్లు ఇచ్చినవి. బ్యూనస్ ఏర్స్ రాష్ట్రపు చీటికి పతకోన్ అని పేరు.

మరి ఆ మార్పిడి సంఘములు నిలిచినవా? చాలవరకు నిలువలేదు. 2002 చివరకు వచ్చుసరికి నకిలీ చీట్లు వెల్లువగా వచ్చిపడెను. నిజమైన చీట్లును మితిమీరి అచ్చుపడెను. సరకు తక్కువ, కాగితము ఎక్కువ. ప్రభుత్వపు నాణెమునకు పట్టిన జబ్బే పేదవాని నాణెమునకును పట్టెను. ఒకరినొకరు ఎరిగినవారు పుస్తకములో వ్రాసికొన్నంతకాలము అది బాగుగ నడచెను. ఎరుగనివారి మధ్య లెక్క అడుగువాడు లేక కాగితము తిరుగనారంభించిన నాడు అది పాడయ్యెను. మంచితనము చాలదు, లెక్క కావలెను. లెక్క చాలదు, దానిని అడుగు హక్కు ప్రతి సభ్యునికి ఉండవలెను.

నిలిచినవియు కలవు. యజమానులు విడిచిపెట్టిన కర్మాగారములను పనివారు సహకార సంఘములుగా ఏర్పడి నడిపిరి. నెవ్‌కేన్ రాష్ట్రములోని జనోన్ పింగాణి కర్మాగారపు పనివారు 2002లో తామే ఉత్పత్తి ఆరంభించి, యజమాని లేని కర్మాగారమని దానికి పేరు పెట్టుకొనిరి. ఎన్నో చిక్కుల పిమ్మట 2009లో ఆ రాష్ట్ర శాసనసభ దానిని వారి పక్షమున స్వాధీనపరచుచు చట్టము చేసెను. అచ్చట ప్రతి ముఖ్య విషయమును పనివారందరును సమావేశమై చేతులెత్తి నిర్ణయించిరి. కొలిమి వేడియే కాక, సమావేశపు వేడియు ఆ కర్మాగారమును నడిపినది.

ఆ సమావేశపు వేడిని చూపిన మరియొక చిత్రమును గూడ ఇచ్చట చెప్పవలెను. 2004లో హువాన్ హోసే కాంపనెల్లా తీసిన చిత్రమది. అవెల్యనేడా పేటలోని చందమామ యని దాని పేరునకు అర్థము. అందులో ఒక పేట క్లబ్బు. ఒకనాడు వేలమంది వచ్చి నృత్యములు చేసిన చోటు. 1959లో జరిగిన ఉత్సవపు రాత్రి ఒక శిశువు అచ్చటనే పుట్టగా, క్లబ్బువారు ఆ శిశువును శాశ్వత సభ్యునిగా చేర్చుకొనిరి. ఆ శిశువు పెరిగి పెద్దవాడై రొమాన్ అను పేర క్లబ్బు భారము మోయుచుండగా, దేశము కూలుచున్నది. చందాదారులు తగ్గిరి; పైకప్పు కారుచున్నది; బాకీలు పెరిగినవి. ఆ స్థలమున జూదశాల పెట్టెదము, పేటవారికి ఉద్యోగములిచ్చెదము అని బేరము వచ్చును. సర్వసభ్య సమావేశము జరుగును. ఉద్యోగము లేని తండ్రి లేచి, జ్ఞాపకములతో బిడ్డల కడుపు నిండునా యని అడిగినచో జవాబు చెప్పుట సులభమా? అమ్మవలెనన్నవారు దుర్మార్గులు కారు, ఆకలిగొన్నవారు. ఓట్లు లెక్కింతురు. రొమాన్ పక్షము ఓడిపోవును. కథకుడు ఇచ్చట అబద్ధము చెప్పలేదు. కూలుచున్న కాలమున సంఘములు చాల ఓడిపోవును. అయితే చిట్టచివర రొమాన్ తన పాత సభ్యత్వపు కార్డు చేతపట్టుకొని స్నేహితుని అడుగు ప్రశ్న ఒకటి కలదు: క్రొత్త క్లబ్బు పెట్టవలెనన్న ఏమేమి చేయవలెను? చిత్రము అక్కడ ముగియును. భవనము పోయినది గాని, భవనము కట్టించిన బుద్ధి పోలేదు.

ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యము స్పష్టమగును. దేశపు నాణెమనగా కాగితము మీద వ్రాసిన నమ్మకము. లోహమైనను కాగితమైనను, ఎదుటివాడు పుచ్చుకొనునన్న నమ్మకమే దాని విలువ. ఆ పెద్ద నమ్మకము తెగిన నాడు మనుష్యులు చిన్న నమ్మకముల మీద నిలువవలసి వచ్చును. ఫలానివాడు మాట తప్పడు, ఫలాని సంఘము లెక్క దాచదు అనునవే ఆ చిన్న నమ్మకములు. అవి ఆపద వచ్చిన నాడు అప్పటికప్పుడు పుట్టునవి కావు. అల్సీనా ఊరివారు తమ సొమ్ము పోగొట్టిన పెర్లాస్సిని మరల పిలిచిరన్న, అతడు అంతకుముందు ఎన్నో యేండ్లు వారి మధ్య బ్రతికిన బ్రతుకే కారణము. చెరువు గట్టు వాననాడు వేసినచో నిలువదు. ఎండలు కాయుచున్నప్పుడే వేయవలెను.

రెండవ విషయమును ఉన్నది. పెర్లాస్సి చేసిన తప్పు దురాశ కాదు, ఒంటరిగా నిర్ణయించుట. మేనేజరు తొందరపెట్టినప్పుడు, ఇది పదిమంది సొమ్ము, పదిమందిని అడిగి రేపు వచ్చెదనని చెప్పగలిగియుండినచో కథ మరియొక విధముగా నడచెడిది. సమావేశము పెట్టుట ఆలస్యమని, తీర్మానము వ్రాయుట తతంగమని, ఇద్దరి సంతకములు కావలెననుట అనుమానమని కొందరు భావింతురు. ఆ ఆలస్యమే ఒక్కొక్కప్పుడు ఊరిని కాపాడును. ఆ రెండవ సంతకమే మొదటి సంతకము చేసినవాని పరువును నిలుపును. నలుగురి సొమ్ము నిప్పు వంటిది. దానిని ఒక్కని అరచేతిలో పెట్టరాదు.

మూడవది, తెలిసినవారు ముందుగా తీసికొనిరి, తెలియనివారు నష్టపోయిరి అను మాట. 2001 డిసెంబరులో ఆర్జెంటీనా దేశమున ధనవంతుని, బీదవానిని వేరుచేసిన గీత ఇదియే. బ్యాంకనగా నేమి, ఖాతాలోని అంకెకును చేతిలోని నోటుకును భేదమేమి, ప్రభుత్వము అప్పు చేయుట యనగా నేమి అను విషయములు పట్టణములోని కొద్దిమందికి మాత్రమే తెలిసిన విద్యగా మిగిలినంతకాలము పల్లెవాడు ఎవరో చెప్పినది నమ్మవలసినవాడే. ఆ విద్య గ్రంథాలయపు బల్లమీద అందరికిని ఉచితముగా దొరుకవలెను. కథల పుస్తకములతోపాటు లెక్కల పుస్తకములు, చట్టముల పుస్తకములు, వార్తాపత్రికలు చదివి చెప్పుకొను సాయంకాలపు గోష్ఠులు ఉండవలెను. చదువురాని వృద్ధునికి చదివి వినిపించు యువకుడు ఉండవలెను. సర్మియెంటో ఆశించినదియు, అయ్యంకివారు ఆశించినదియు అదియే.

ఆర్జెంటీనా ఆ దెబ్బనుండి లేచినది. 2002 డిసెంబరులో ఖాతాల దొడ్డి తలుపు తీసిరి. 2003 నుండి కొన్ని సంవత్సరములు పంటలకు మంచి ధరలు రాగా దేశము వేగముగా కోలుకొన్నది. తరువాతను ఆ దేశమునకు కష్టములు తప్పలేదు. ధరలు మరల పెరిగినవి, అప్పులు మరల పేరుకొన్నవి. దేశములకు ఇట్టి ఆటుపోటులు వచ్చుచునే యుండును. వాటిని ఆపు శక్తి ఒక్క ఊరికి లేదు. కాని ఆ పోటు వచ్చిన నాడు ఒకరి చేయి నొకరు విడువకుండ నిలుచు శక్తి ఊరికి కలదు.

ఆ శక్తి ఎచ్చట అలవడును? చందా రెండు రూపాయలైనను రసీదు వ్రాసి యిచ్చు బల్లయొద్ద అలవడును. తీసికొనిపోయిన పుస్తకమును నలుగక, చినుగక, తేదీలోపల తెచ్చియిచ్చు బాలునిలో అలవడును. సర్వసభ్య సమావేశములో లేచి, ఈ పద్దు ఏమని మర్యాదగా అడుగు సభ్యునిలోను, కోపపడక సమాధానము చెప్పు కార్యదర్శిలోను అలవడును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున జరిగినది పుస్తకములు ఇచ్చిపుచ్చుకొనుట మాత్రమే కాదు, మాట ఇచ్చిపుచ్చుకొనుట. ఆ నాణెము ఏ దేశమునందును, ఏ కాలమునందును చెల్లుబాటు తప్పలేదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక! నేడు ఈ సభలో ముందు వరుసలో చాపమీద కూర్చున్న బాలబాలికలు ఆనాటి వేదికమీద కూర్చుండి, లెక్క చదివి వినిపింతురుగాక!

స్వస్తి.